సుడి లెక్క

2016 అక్టోబరులో భౌతికశాస్త్రపు నోబెల్ ప్రకటించిన రోజున, స్టాక్‌హోమ్‌లో కమిటీ సభ్యుడు థోర్స్ హాన్స్ హాన్సన్ విలేఖరుల ముందు ఒక సంచీలోంచి మూడు తినుబండారాలు తీసి చూపించాడు. చిల్లు లేని బన్ను, ఒక చిల్లున్న బేగెల్, రెండు చిల్లులున్న ప్రెట్జెల్. చిల్లులు ఒకటుండొచ్చు, రెండుండొచ్చు, ఒకటిన్నర మాత్రం ఉండవు, టోపాలజీ పట్టించుకునేది ఆ లెక్కనే అని ఆయన వివరణ. ఈ పాఠానికి మన వంటింట్లోనైతే పునుగూ గారే చాలు.

ఆ వీడియో చూసి నేనూ నవ్వుకున్నాను, నలుగురికి పంపించాను కూడా. చిరాకు తర్వాత మొదలైంది. డేవిడ్ థౌలెస్, డంకన్ హాల్డేన్, మైకేల్ కోస్టర్‌లిట్జ్‌లకు బహుమతి వచ్చింది పదార్థాల గురించి చేసిన పనికి. సరే, మరి పదార్థంలో ఆ చిల్లు ఎక్కడుంది? టోపలాజికల్ ఇన్సులేటర్ల మీద నేను చదివిన జనరంజక వ్యాసాలు చాలావరకు గారె దగ్గరే ఆగిపోయాయి. చిల్లు సంగతి ఎవరూ ఎత్తరు. నేను ఫిజిక్స్ చదివినవాణ్ణి కాను, పగలంతా సర్వర్లతో కుస్తీ పట్టే మనిషిని. అయినా ఆ చిల్లు నన్ను వదల్లేదు. వెతుక్కుంటూ పోతే దొరికిన కథ, నాకు మొదట చెప్పిన కథకంటే గజిబిజిగా ఉంది, అంతకంటే బాగా కూడా ఉంది.

దాని మొదలు మనలో చాలామందికి తెలిసిందే. బీటెక్ మొదటి ఏడాది ల్యాబులో హాల్ ఎఫెక్ట్ అని ఒక ప్రయోగం ఉంటుంది. పల్చటి పలకలో కరెంటు పొడవునా పారుతుంటే, పలకకు నిలువుగా అయస్కాంత క్షేత్రం పెడితే, అడ్డంగా కొద్దిపాటి వోల్టేజి పుడుతుంది. క్షేత్రం పెంచితే అదీ పెరుగుతుంది. ఎడ్విన్ హాల్ 1879లో బంగారు రేకు మీద దీన్ని కనిపెట్టేనాటికి ఎలక్ట్రాన్ ఇంకా దొరకలేదు, అది 1897 సంగతి. మేము మాత్రం రీడింగులు సీనియర్ల రికార్డులోంచి దింపుకున్నాం. నా గ్రాఫు ఎంత సూటి గీతగా వచ్చిందంటే సారు ఏమీ అడక్కుండానే సంతకం పెట్టేశారు.

క్లౌస్ ఫాన్ క్లిట్జింగ్‌కు సూటి గీత రాలేదు. 1980 ఫిబ్రవరి 4, తెల్లవారితే 5. రాత్రి రెండు గంటలప్పుడు ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో, ఒక సిలికాన్ ట్రాన్సిస్టర్‌ను విపరీతమైన చలిలో, బలమైన అయస్కాంత క్షేత్రంలో పెట్టి కొలుస్తున్నాడు. గేటు వోల్టేజి మారుస్తూ పోతే హాల్ నిరోధం మెట్లు మెట్లుగా దిగుతోంది. ఒకచోట కాసేపు నిలబడుతుంది, జారి ఇంకోచోట నిలబడుతుంది. ఆ మెట్లన్నీ 25,812.807 ఓములను పూర్ణాంకాలతో భాగిస్తే వచ్చే విలువలు. నాలుగో మెట్టు 6,453 ఓముల దగ్గర. ఆ పెద్ద సంఖ్య సిలికాన్‌ది కాదు. ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ ఆవేశపు వర్గంతో భాగిస్తే వచ్చేది అది.

ఇదెంత విడ్డూరమో చేత్తో సర్క్యూట్లు కట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మనం కొనే రెసిస్టర్ మీద బంగారు రంగు చార ఉంటే 5 శాతం అటూ ఇటూ ఉంటుందని అర్థం. ఇక్కడేమో మలినాలున్న చిప్పు ముక్క ఒకటి ప్రకృతి స్థిరాంకాన్ని పట్టి చూపిస్తోంది. పొడవు మారినా వెడల్పు మారినా అదే అంకె. తర్వాతి ఏళ్లలో వంద కోట్లలో ఒక వంతు తేడా కూడా కనబడలేదు. 1990 నుంచి ప్రమాణాల ప్రయోగశాలలు ఓమును దీంతోనే సరిచూసుకుంటున్నాయి. 1985లో ఫాన్ క్లిట్జింగ్ ఒక్కడికే నోబెల్ ఇచ్చారు.

మురికి ముక్కలోంచి అంత శుభ్రమైన పూర్ణాంకం ఎలా వస్తుంది? 1981లో రాబర్ట్ లాఫ్లిన్ ఒక సమాధానం చెప్పాడు. పలకను గొట్టంలా చుట్టి, దానిలోంచి పోయే అయస్కాంత అభివాహాన్ని మెల్లగా పెంచుకుంటూ పోతే, ఒక ఆవృత్తి పూర్తయ్యేసరికి ఒక అంచు నుంచి రెండో అంచుకు ఎలక్ట్రాన్లు పూర్ణసంఖ్యలోనే చేరాలని. అందమైన వాదన. కానీ ఆ పూర్ణసంఖ్య అసలు దేన్ని లెక్కపెడుతోంది? 1982లో థౌలెస్, కొహ్మోటో, నైటింగేల్, డెన్ నైస్ అనే నలుగురు సియాటిల్‌లో కూర్చుని, స్ఫటికంలో నిండిన బ్యాండ్ల హాల్ వాహకతను ఒక సమాకలనిగా రాశారు. దాని విలువ ఎప్పుడూ పూర్ణాంకమే అవుతుందని చూపించారు. టోపలాజికల్ పదార్థాల చరిత్రకు మూలం అని అందరూ చెప్పే పేపరు ఇదే. ఇప్పుడు ఆ పూర్ణాంకాన్ని చెర్న్ సంఖ్య అంటారు. ఆ పేపర్లో మాత్రం చెర్న్ పేరు ఎక్కడా లేదు.

ఆ సమాకలని ఏ ప్రదేశం మీద చేస్తారో చూస్తే మన గారె దొరుకుతుంది.

స్ఫటికంలో పరమాణువుల అమరిక ముగ్గు చుక్కల్లా అదే పనిగా పునరావృతమవుతుంది. అందువల్ల దాంట్లో ఎలక్ట్రాన్ తరంగాల ద్రవ్యవేగం కూడా ఒక హద్దు దాటగానే మళ్లీ మొదటికొస్తుంది. పాత నోకియా ఫోన్లలో పాము ఆట ఆడినవాళ్లకు ఇది తెలుసు. పాము కుడివైపు తెర దాటితే ఎడమవైపు తేలుతుంది, పైన మాయమైతే కింద తేలుతుంది. కుడినీ ఎడమనూ, పైనీ కిందనీ అతికించిన తెర అంటే గారె ఉపరితలమే. దీన్ని బ్రిల్వా జోన్ అంటారు. చిల్లు ఇక్కడుంది. స్ఫటికంలో కాదు, ఎలక్ట్రాన్ ద్రవ్యవేగాల పటంలో.

తమాషా ఏంటంటే, రెండు కొలతల స్ఫటికం ఏదైనా దాని పటం ఈ గారెయే. బంధకమైనా వాహకమైనా అన్నిటికీ ఒకటే చిల్లు. కాబట్టి చిల్లులు లెక్కపెట్టి ఏ పదార్థాన్నీ వేరే పదార్థం నుంచి విడదీయలేం! తేడా గారెలో లేదు, గారె మీద మొలిచిన జుట్టులో ఉంది.

పిల్లాడి తల దువ్వుతూ సుడి ఎక్కడుందో చూసే అలవాటు మన ఇళ్లలో ఉంది. రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళని మా అమ్మమ్మ నవ్వేది. బంతి మీద జుట్టుంటే దాన్ని ఎక్కడా సుడి పడకుండా దువ్వడం అసాధ్యమన్నది టోపాలజీలో పేరుమోసిన సిద్ధాంతం. మన గారె మీద ప్రతి బిందువు దగ్గరా ఒక ఎలక్ట్రాన్ తరంగం ఉంటుంది, దానికి ఫేజ్ అనే కోణం ఉంటుంది, గడియారం ముల్లులాగా. ఆ ముల్లును ఎటు తిప్పి పెట్టుకున్నా ఫిజిక్సు మారదు, అది మన ఇష్టం. ప్రశ్నల్లా ఒకటే: గారె అంతటా ఎక్కడా తెగకుండా ఆ ముళ్లను నున్నగా దువ్వగలమా? మామూలు బంధకంలో దువ్వగలం. క్వాంటమ్ హాల్ పదార్థంలో ఎలా దువ్వినా ఎక్కడో ఒకచోట సుడి పడుతుంది. దువ్వెన మార్చితే సుడి చోటు మారుతుంది. సవ్యంగా తిరిగే సుడుల్లోంచి అపసవ్యంగా తిరిగేవి తీసేస్తే మిగిలే సంఖ్య మాత్రం మారదు. అదే చెర్న్ సంఖ్య. ఆ నలుగురిలో ఒకడైన కొహ్మోటో 1985లో ఒంటరిగా రాసిన పేపర్లో ఈ సంగతి విడమరిచి చెప్పాడు. బన్నుల సంచీకి బదులు హాన్సన్ ఒక దువ్వెన తెచ్చి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

షీయింగ్-షెన్ చెర్న్ ఈ సంఖ్యలను కనిపెట్టింది ఎలక్ట్రాన్ల కోసం కాదు. 1943లో, యుద్ధం మధ్యలో, కున్‌మింగ్ నుంచి సైనిక విమానాలు మారుతూ వారంపాటు ప్రయాణం చేసి ప్రిన్స్‌టన్ చేరాడు. అప్పుడాయనకు ముప్పై రెండేళ్లు లేవేమో. అక్కడ ఆయన పట్టుకున్నది గౌస్-బోనె సిద్ధాంతాన్ని. మూసి ఉన్న ఏ ఉపరితలం మీదైనా వక్రతనంతా కూడితే ఎప్పుడూ ఒక పూర్ణాంకపు గుణిజమే వస్తుందని అది చెబుతుంది. బంతిని నొక్కితే ఒకచోట చదునై ఇంకోచోట ఉబ్బుతుంది, మొత్తం మాత్రం కదలదు. దీనికి 1944లో చెర్న్ కొత్త నిరూపణ ఇచ్చాడు, 1946లో అదే ఆలోచనను సంకీర్ణ సంఖ్యల జ్యామితికి తీసుకుపోయి ఇప్పుడు చెర్న్ క్లాసులని పిలిచే వాటిని నిర్మించాడు. సియాటిల్ సమాకలని ఈ రెండో రకం వక్రత మొత్తం. మురికి వల్ల వక్రత ఒకచోటినుంచి ఇంకోచోటికి జరుగుతుంది, మొత్తం జరగదు. ఫాన్ క్లిట్జింగ్ మెట్లు అంత చదునుగా ఉండడానికి కారణం అదే.

ఈ రెండింటినీ కలిపినవాడు గణితజ్ఞుడు బారీ సైమన్. 1983లో యోసి ఆవ్రన్, రూడీ సైలర్‌లతో కలిసి ఒకసారి, ఒక్కడే ఇంకోసారి రాశాడు. ఒక్కడే రాసిన పేపరుది చిత్రమైన కథ. నెమ్మదిగా మారే క్వాంటమ్ వ్యవస్థ తిరిగి మొదటి స్థితికి వచ్చేసరికి దాని ఫేజ్ కొంత తిరిగి ఉంటుందని మైకేల్ బెర్రీ కనిపెట్టాడు. ఆయన పేపరు అచ్చుకాకముందే దాని గురించి తెలుసుకున్న సైమన్, ఇది చెర్న్ జ్యామితే, థౌలెస్ బృందం సంఖ్య కూడా ఇదే అని రాసేశాడు. బెర్రీ ఫేజ్ అన్న పేరు శీర్షికలో పెట్టిన సైమన్ పేపరు 1983 డిసెంబరులో వచ్చింది, బెర్రీ పేపరు 1984లో వచ్చింది. బారసాల ముందు, పురుడు తర్వాత!

బెర్రీకీ ముందే ఒకడున్నాడు. బెంగళూరులో రామన్ పరిశోధనాలయంలో, రామన్ మేనల్లుడు ఎస్. పంచరత్నం. 1956లో, ఇరవై రెండేళ్ల వయసులో, స్ఫటికాల గుండా పోయే కాంతి ధ్రువణాన్ని అధ్యయనం చేస్తూ ఆయన ఒక సంగతి గమనించాడు. ధ్రువణ స్థితులను ఒక గోళం మీద బిందువులుగా గుర్తిస్తే, కాంతి మూడు బిందువులు తిరిగి మొదటికొచ్చేసరికి దాని ఫేజ్ మారుతుంది. ఎంత మారుతుందంటే, ఆ త్రిభుజం గోళం మీద ఆక్రమించిన ఘనకోణంలో సగం. వక్రతను కూడడమంటే ఇదే. ఆ పేపరు ఇండియన్ అకాడెమీ ఆఫ్ సైన్సెస్ ప్రొసీడింగ్స్‌లో అచ్చయింది. 1986లో రామశేషన్, నిత్యానంద కరెంట్ సైన్స్‌లో గుర్తు చేసేదాకా ఈ సంబంధం ఎవరి కంటా పడలేదు. 1987లో బెర్రీ స్వయంగా పంచరత్నం పనిని వివరిస్తూ ఒక పేపరు రాశాడు. పంచరత్నం దాన్ని చూడలేదు. 1969లోనే, ముప్పై అయిదేళ్లకు, ఆక్స్‌ఫర్డ్‌లో పోయాడు.

ఇలాంటి కథ దొరకగానే 'అన్నీ మనవాళ్లే ముందు కనిపెట్టారు' అనే ఫార్వర్డు ఒకటి తయారవుతుంది. నాకది ఇష్టం ఉండదు. పంచరత్నం ఎలక్ట్రాన్ల జోలికి పోలేదు, హాల్ ఎఫెక్టు గురించి ఆలోచించలేదు. ఆయన చేసింది కాంతి గురించి చాలా జాగ్రత్తైన పని, అది అలాగే గొప్పది. నన్ను బాధపెట్టేది ఆ ముప్పై ఏళ్లు. దాచిపెట్టిన పేపరు కాదది, అచ్చయి లైబ్రరీల్లో ఉన్న పేపరు.

1988లో హాల్డేన్ ఒక కాగితపు నమూనా చేశాడు. తేనెపట్టు గళ్ల అమరికలో, మొత్తంమీద అయస్కాంత క్షేత్రం సున్నా అయినా, చెర్న్ సంఖ్య ఒకటి రావచ్చని. అంటే బయటి అయస్కాంతం అక్కర్లేదు, స్ఫటికమే తన జుట్టులో సుడి తెచ్చుకోగలదు. ఈ నమూనా నేరుగా ఏ పదార్థంలోనూ దొరక్కపోవచ్చని ఆ పేపర్లో ఆయనే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత పదహారు, పదిహేడేళ్లపాటు ఈ దారిలో పెద్ద కదలిక లేదు.

ఎందుకు లేదు? దీనికి కారణం సున్నా అని నేననుకుంటాను. చెర్న్ సంఖ్య సున్నా కాకుండా ఉండాలంటే కాలాన్ని వెనక్కి తిప్పితే ఫిజిక్సు మారాలి, అంటే అయస్కాంతత్వం లాంటిది ఏదో ఉండాలి. మామూలు పదార్థాల్లో కాలాన్ని వెనక్కి తిప్పినా ఏమీ మారదు. అక్కడ ప్రతి సవ్య సుడికీ గారెలో సరిగ్గా ఎదురు బిందువు దగ్గర ఒక అపసవ్య సుడి ఉంటుంది. కూడితే సున్నా. సున్నా వచ్చింది కాబట్టి లోపల ఏమీ లేదనుకున్నారు. కోడు రాసేవాళ్లకు ఈ పొరపాటు బాగా తెలుసు: మొత్తం సరిపోయిందని టెస్టు పాసవుతుంది, లోపల రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఉంటాయి.

2005లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ కేన్, యూజీన్ మేలే అప్పుడే కొత్తగా దొరికిన గ్రాఫీన్ మీద పనిచేస్తూ ఆ సున్నాను విప్పారు. మొదటి పేపర్లో వాళ్లు చేసింది హాల్డేన్ నమూనాను రెండుసార్లు వేయడం. పైకి తిరిగే స్పిన్‌కు ఒకటి, కిందికి తిరిగే స్పిన్‌కు దాని ప్రతిబింబం. అంచున ఒక స్పిన్ కుడికి పారుతుంది, ఇంకోటి ఎడమకు. కానీ నిజం పదార్థంలో స్పిన్‌లు కలగలిసిపోతాయి, అప్పుడీ రెండు వరసలూ నిలవవు కదా అన్నది సహజమైన అనుమానం. రెండో పేపరు దానికి జవాబు. నాకు ఈ చరిత్ర మొత్తంలో ఇష్టమైనది అదే.

వాళ్లు ఫాఫియన్ అనే ఒక ప్రమేయాన్ని తీసుకుని అది సున్నా అయ్యే చోట్లను చూశారు. ఆ చోట్లలో ఫేజ్ సుడి తిరుగుతుంది, సుడులు ఎదురెదురు జతలుగా వస్తాయి. ఎదురు సుడులు రెండు ఒకచోట కలిస్తే రెండూ మాయమవుతాయి. రెండు జతలున్నాయనుకోండి, ఒక జతలోని సుడి రెండో జతలోని ఎదురు సుడితో కలిసిపోగలదు, అన్నీ చదునైపోతాయి. ఒక్క జతే ఉంటే? ఆ రెండూ ఒకదానికొకటి ప్రతిబింబాలు. కాబట్టి తన ప్రతిబింబం తానే అయిన బిందువు దగ్గర మాత్రమే అవి కలవగలవు. సరిగ్గా ఆ బిందువుల దగ్గర ఫాఫియన్ సున్నా కాలేదు. ఎలక్ట్రాన్‌కు కాలాన్ని రెండుసార్లు వెనక్కి తిప్పితే ఒక రుణ గుర్తు మిగులుతుంది. దానివల్ల స్థితులు జంటలుగానే ఉండాలని హెండ్రిక్ క్రామర్స్ 1930లో చెప్పాడు. ఆ జంట నియమమే ఇక్కడ అడ్డు నిలుస్తుంది. అంచేత ఒక్క జతను ఎవరూ చెరపలేరు. మూడు జతలను ఒకటిగా తగ్గించొచ్చు, ఒకటిని సున్నా చేయలేం. ఎన్ని అన్నది పోతుంది, సరా బేసా అన్నది మిగులుతుంది. పూర్ణాంకం పోయి ఒక్క బిట్ మిగిలింది. దాన్ని జెడ్-టూ ఇన్వేరియంట్ అంటారు, మనకు మాత్రం అది ప్యారిటీ బిట్టే.

ఈ బిట్ బేసి అయితే ఏమవుతుంది? పదార్థం బయట గాలి, దాని బిట్ సరి. బేసి నుంచి సరికి మెల్లగా జారుకునే దారి లేదు. మధ్యలో ఎక్కడో బంధకత్వం తెగాలి, ఆ తెగే చోటు అంచు. అందుకే లోపల బంధకంగా ఉండే ముక్క అంచున కరెంటు పారుస్తుంది. అంచును ఎంత గీకినా, ఎంత మలినం చేసినా, అయస్కాంతత్వం చొరబడనంతవరకు అది పారాల్సిందే.

గ్రాఫీన్ మాత్రం మోసం చేసింది. కార్బన్ తేలిక మూలకం, దాంట్లో ఈ ప్రభావం అందుకోలేనంత చిన్నది. 2006లో బెర్నెవిగ్, హ్యూస్, షౌచెంగ్ జాంగ్ బరువైన మూలకాల వైపు తిరిగి మెర్క్యురీ టెల్యురైడ్ పొరను సూచించారు. పొర మందం సుమారు 6.3 నానోమీటర్లు దాటితే బిట్ తిరగబడుతుందని. మరుసటి ఏడాది జర్మనీలో వుర్ట్స్‌బుర్గ్‌లో మోలెన్‌కాంప్ బృందం చేసి చూసింది. పల్చటి పొరల్లో కరెంటు లేదు. మందపు పొరల్లో నిరోధం 12,900 ఓముల చుట్టుపక్కల వచ్చింది. అంటే 25,812లో సగం, ఎందుకంటే అంచులు రెండు. ఇక్కడ అంకె ఫాన్ క్లిట్జింగ్ అంకెంత కచ్చితం కాదు. ఒక మైక్రాన్ పొడవున్న ముక్కల్లోనే బాగా వచ్చింది. జనరంజక వ్యాసాలు ఈ సంగతి సాధారణంగా మింగేస్తాయి.

మూడు కొలతలకు వస్తే 2006లో దాదాపు ఒకేసారి మూడు చోట్ల అదే జవాబు వచ్చింది. ఫు, కేన్, మేలే ఒక జట్టు. మూర్, బాలెంట్స్ ఇంకోటి. టోపలాజికల్ ఇన్సులేటర్ అన్న పేరు వీళ్లదే. మూడోది రాహుల్ రాయ్ ఒక్కడే. ఆయన ప్రతి 2006 జూలైలోనే ఆన్‌లైన్‌లో ఉంది, పత్రికలో అచ్చయ్యేసరికి 2009 అయింది. మూడు కొలతల్లో ఒక బిట్ కాదు, నాలుగుంటాయి, వాటిలో ఒకటి గట్టిది. 2008లో ప్రిన్స్‌టన్‌లో జాహిద్ హసన్ బృందం బిస్మత్-యాంటిమొనీ మిశ్రమం మీద కాంతి వేసి ఉపరితలపు ఎలక్ట్రాన్లను చూసింది. ఉపరితల బ్యాండ్లు ఫెర్మీ మట్టాన్ని ఎన్నిసార్లు దాటుతున్నాయో లెక్కపెట్టారు. అయిదు. బేసి!

గణితం అల్మరాలో సిద్ధంగా ఉంటుంది, ఫిజిక్సు వచ్చి తీసుకుపోతుంది అనే మాట ఇలాంటి సందర్భాల్లో తప్పకుండా వినిపిస్తుంది. ఇక్కడది సగమే నిజం. కేన్, మేలే ఆ బిట్‌ను చేతులతో తవ్వి తీశారు. అది అల్మరాలో ఏ అరలో ఉందో తర్వాత తెలిసింది. 1966లో మైకేల్ అటియా ప్రతిబింబాలున్న ప్రదేశాలకోసం కె-సిద్ధాంతంలో ఒక కొత్త రూపం తయారుచేశాడు. గారె మీద ఎదురు బిందువులను జతచేయడం సరిగ్గా అలాంటి ప్రతిబింబమే. 2008లో ష్నైడర్, ర్యూ, ఫురుసాకి, లుడ్‌విగ్, 2009లో అలెక్సీ కిటాయెవ్ ఏయే సౌష్ఠవాలకు ఏయే కొలతల్లో ఏయే అంకెలు వస్తాయో పది వరసల పట్టికగా వేశారు. ఎక్కడ పూర్ణాంకం, ఎక్కడ ఒక్క బిట్, ఎక్కడ ఏమీ లేదు అన్నీ అందులో ఉంటాయి. ఎనిమిది కొలతలు దాటగానే పట్టిక మళ్లీ మొదటికొస్తుంది. అది 1950లలో రావుల్ బాట్ కనిపెట్టిన ఆవృత్తి. ఆ పట్టికను ప్రింటు తీసి నా మానిటర్ పక్కన అంటించుకున్నాను. అది ఏం పట్టికని ఆఫీసులో అడిగినవాళ్లకు షిఫ్టుల రోస్టరని చెబుతాను.

2009లో బిస్మత్ సెలినైడ్, బిస్మత్ టెల్యురైడ్ రెండూ టోపలాజికల్ ఇన్సులేటర్లేనని తేలింది. రెండోది కొత్త పదార్థం కానే కాదు. ఒకవైపు వేడెక్కి ఇంకోవైపు చల్లబడే పెల్టియర్ పలకల్లో దాని మిశ్రమాలను 1950ల నుంచీ వాడుతున్నారు. కారు డిక్కీలో పెట్టుకునే చిన్న కూలర్ బాక్సులో కంప్రెసర్ లేకపోతే అందులో ఉన్నది ఆ పలకే. మా ఇంట్లో ఒకటి మూలన పడి ఉంది, ఫ్యాను పాడైంది. విప్పి చూశాను. రెండు తెల్లటి పింగాణీ పలకల మధ్య బూడిదరంగు ఘనాకారపు ముక్కలు, వరసలు వరసలుగా.